వంటవాడు డూగోకి న్యాయం జరగాలి

ఈ దేశంలో న్యాయం ఇంకా బతికే ఉందని నా గట్టి నమ్మకం. కోర్టుల్లో అనుకునేరు. మండలాఫీసులో అసలే కాదు. మా ఊరి సెంటర్లో, సురేంద్ర పురుగుమందుల షాపులో, కౌంటర్ మీద మందు సీసాకి ఆనించిన సెల్‌ఫోన్లో బతికి ఉంది.

నవ్వకండి. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినవాడికి న్యాయం గురించి ఏం తెలుసంటారా? తెలియకపోవచ్చు. క్యారెక్టర్ గురించి మాత్రం తెలుసు. ముప్పయ్యేళ్ళ నుంచి గుంటూరు మిర్చి యార్డులో శాంపిల్ తీసే పని నాది. బస్తా మూతి దగ్గర కాయ ఎర్రగా, నిగనిగలాడుతూ పెళ్ళికొడుకులా ఉంటుంది. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు లాగామా, తాలుకాయలూ, మచ్చకాయలూ బయటపడతాయి. పైన ఒక రకం, అడుగున ఒక రకం. చదువుకున్నవాళ్ళు దీన్నే క్యారెక్టర్‌లో నిలకడ లేకపోవడం అంటారట. సురేంద్రే చెప్పాడు.

సంగతేమిటంటే, 'దూరగ్రహం' అని ఒక సీరియల్ ఉంది. ఎక్కడో తీసింది, తెలుగులో మాటలు పెట్టి ఫోన్లలోకి వదిలారు. పెద్ద ఓడ. నీళ్ళమీద కాదు, చుక్కల మధ్య తిరుగుతుంది. దానికి ఓరిన్ అని ఒక కెప్టెన్. ఐదేళ్ళు నడిచింది, అయిపోయింది, మా ఊళ్ళో నలుగురైదుగురు అన్నం మానేశారు. ఇప్పుడు ఆ కథకి ముందు కథ తీస్తున్నారు. మనవడి పెళ్ళి చూపించాక తాతకి బారసాల చేయడం అన్నమాట. దాని పేరు 'దూరగ్రహం: మొదటి మజిలీ'.

ఈ తాత బారసాలలో కంటిన్యుటీ తప్పులు, అంటే పాతదానికీ కొత్తదానికీ పొత్తు కుదరనివి, పట్టడానికి సురేంద్ర వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు. ఒంగోలు నుంచి తెనాలి దాకా రెండొందల మంది ఉన్నారు. అందరూ ఉద్యోగాలూ సంసారాలూ ఉన్నవాళ్ళే. మన ప్రాంతంలో ఇంత ఐకమత్యం పత్తికి ధర అడిగినప్పుడు కూడా చూడలేదు.

ఇదే సురేంద్ర మా హైస్కూలు 1988–89 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి కూడా అడ్మిన్. ఉగాది వెళ్ళిన రెండో ఆదివారం సమ్మేళనం. దానికి నన్ను పిలుస్తాడా, పిలవడా అన్నదొక్కటే నా చిన్న స్వార్థం. దాని సంగతి తర్వాత. ముందు దేశం.

పాత సీరియల్లో కెప్టెన్ ఓరిన్ తలుపులన్నీ కుడిచేత్తో తీస్తాడు. కొత్తదాంట్లో, కుర్రతనంలో, ఎడమచేత్తో తీశాడు. ఎవరు క్షమిస్తారు చెప్పండి? మూడు వారాలు షాపులో ఇదే మాట. ఆ మూడు వారాల్లో ఒకరోజు జానీబీ వచ్చింది. రెండెకరాలు కౌలుకి తీసుకుని మిర్చి వేసిన మనిషి. పురుగు కొట్టి ముడుచుకుపోయిన ఆకుల్ని కొంగులో మూట కట్టుకొచ్చి కౌంటర్ మీద పోసింది.

"సురేంద్రా, పూతంతా రాలిపోతంది. ఏదో ఒక మందు చెప్పు."

"ఆగు జానీబీ. కెప్టెన్ ఎడమచేత్తో తలుపు తీశాడు. ఆ సంగతి తేలనీ."

"ఆ కెప్టెన్ని మా చేలోకి పంపించు. ఏ చేత్తో కొట్టినా ఊరుకుంటా, మందు కొడితే చాలు."

చూశారా అజ్ఞానం? పూత ఈ ఏడు పోతే వచ్చే ఏడు వస్తుంది. కెప్టెన్ పరువు పోతే వస్తుందా?

తర్వాత కుర్ర ఓరిన్ ఏడ్చాడు. ఓడ మొదటిసారి పైకి లేస్తుంటే వాళ్ళమ్మ గుర్తొచ్చి గుడ్లనీళ్ళు కుక్కుకున్నాడు. గ్రూపు భగ్గుమంది. పాతదాంట్లో యాభయ్యేళ్ళ ఓరిన్ ఐదేళ్ళలో ఒక్కసారైనా ఏడ్చాడా? లేదు. మరి ఇరవయ్యేళ్ళప్పుడు ఎలా ఏడుస్తాడు? ఈ ప్రశ్న చదివి నేను నోరు తెరిచాను. నిజమే కదా! మిరపచెట్టుకి ముందు ఆకుపచ్చ కాయ వచ్చి తర్వాత ఎరుపెక్కడం కూడా ప్రకృతి చేస్తున్న పొరపాటే. పువ్వులోంచే ఎండుమిర్చి రాలాలి. మనిషి కూడా పుట్టడం పుట్టడమే బీపీ మాత్ర వేసుకుని పుట్టాలి. అప్పుడు గానీ నిలకడ ఉన్నట్టు కాదు.

ఇవన్నీ చిన్నవి. అసలు పోరాటం డూగోది.

డూగో ఆ ఓడలో వంటవాడు. పాత సీరియల్లో ప్రతి నాలుగైదు భాగాలకీ ఒకసారి కనిపిస్తాడు. గరిటె చేత్తో పట్టుకుని ఒకటే మాట అంటాడు: "ఈ ఓడకి మొదటి మేకు కొట్టిననాడే ఇందులో పొయ్యి వెలిగించినవాణ్ణి నేను." అంతే అతని వేషం. మరి మొదటి మజిలీలో? మేకులు కొట్టారు, ఓడ లేచింది, కెప్టెన్ తిన్నాడు, ఏడ్చాడు, మళ్ళీ తిన్నాడు. డూగో లేడు! ఆ తిండి ఎవడు వండాడు?

సురేంద్రకి రెండ్రోజులు ముద్ద దిగలేదని వాళ్ళావిడ రాజేశ్వరి మా ఆవిడతో చెప్పింది. మూడో రోజు పోస్టు పెట్టాడు. "మొదటి నుంచీ ఉన్నవాణ్ణి కథలోంచి తీసేసే హక్కు ఎవరిచ్చారు? వంటవాడైతే మనిషి కాదా? పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళే చరిత్రా? వంటవాడు డూగోకి న్యాయం జరగాలి." చదువుతుంటే నా కళ్ళు చెమర్చాయి. మిరపకాయల మధ్య పనిచేసేవాడి కళ్ళు ఊరికే చెమర్చవు, అలవాటైపోయి ఉంటాయి.

అంతటితో ఆగలేదు. మూడో భాగంలో ఒక చోట కెప్టెన్ ముందుకి పళ్ళెం వస్తుంది. పళ్ళెం పట్టుకున్న రెండు చేతులు మాత్రమే కనబడతాయి, మనిషి కనబడడు. రెప్పపాటు. సురేంద్ర అక్కడ బొమ్మ ఆపి, పెద్దది చేసి, కుడి మణికట్టు మీద కాలిన మచ్చ పట్టుకున్నాడు. పాత డూగోకి అక్కడే మచ్చ! ఎర్రరంగుతో సున్నా చుట్టి, రెండు పేజీల రుజువు రాశాడు. ఆ చేతులు డూగోవే. మొహం చూపించకుండా చేతులు మాత్రం వాడుకోవడం ఘోరమైన అన్యాయం.

ఇలాంటి మనిషి దగ్గరికి కాక నా అర్జీ పట్టుకుని ఇంకెవరి దగ్గరికి వెళ్ళను?

యార్డుకి సెలవు చూసుకుని షాపుకి వెళ్ళాను. పొగడ్తతో మొదలుపెట్టాను. డూగో గురించి బాగా రాశావన్నాను. మురిసిపోయి స్టూలు జరిపాడు.

"సరే గానీ, ఆదివారం నేనూ రావచ్చా?" అన్నాను.

"ఎక్కడికిరా?"

"సమ్మేళనానికి."

సురేంద్ర ఫోన్ బోర్లా పెట్టాడు. అతను ఫోన్ బోర్లా పెట్టడం నేను ఎరిగి ఉండగా అదే మొదటిసారి.

"ఒరేయ్ బాలస్వామీ, అది పదో తరగతి బ్యాచ్‌రా. హాల్‌టికెట్ నంబర్లు తెప్పించి లిస్టు కట్టాం. నువ్వు పరీక్ష రాయలేదుగా."

"ఆరు నుంచి తొమ్మిది దాకా నీ పక్కనే కూర్చున్నాను గదరా."

"కూర్చున్నావు. కాదన్నానా? రూలు రూలే. నిన్ను రానిస్తే ఐదులో మానేసినోడు కూడా వస్తానంటాడు."

"మరి డూగో ఏ పరీక్ష రాశాడు?"

"డూగో వేరు. వాడు ఒరిజినల్ క్యారెక్టర్."

నేను డూప్లికేట్ అన్న సంగతి యాభై ఒక్క ఏళ్ళకి తెలిసింది.

నేను బడి ఎందుకు మానేశానో సురేంద్రకి తెలుసు. మేం తొమ్మిదిలో ఉన్న ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. మా నాన్నది కౌలు చేను. పదిసార్లు మందు కొట్టాడు. మందు ఈ షాపుదే, అప్పుడు గల్లాలో కూర్చునేది సురేంద్ర వాళ్ళ నాన్న. దోమ చావలేదు. నా చదువు చచ్చింది. సంక్రాంతి సెలవులకి బడి నుంచి వచ్చినవాణ్ణి మళ్ళీ వెళ్ళలేదు, పత్తి మిల్లుకి వెళ్ళాను. ఇదంతా నా ముందు కథ. ఎవరూ తీయరు, ఎవరూ తప్పులు పట్టరు.

నా మొహం చూసి సురేంద్రకి జాలేసినట్టుంది. ఫోన్ తీసి ఒక పాత ఫోటో చూపించాడు. ఆరో తరగతి గ్రూపు ఫోటో. అందరం ఉన్నాం. ముందు వరసలో, సరిగ్గా మధ్యలో, నేల మీద కూర్చుని పలక పట్టుకున్నది నేను. పలక మీద '6వ తరగతి, 1984–85' అని రాసింది కూడా నేనే. నా అక్షరాలు బాగుంటాయని మాస్టారు నాకే ఇచ్చారు.

"ఈ ఫోటోనే పెద్ద ఫ్లెక్సీ వేయిస్తున్నాం. బడి గేటుకి కడతాం. నడిమధ్యలో నువ్వే ఉంటావు. చాలదా?" అన్నాడు.

చాలు అనిపించింది. మనిషి లోపలికి వెళ్ళకపోతేనేం, గేటు మీద ఉంటాడు. ఇంటికెళ్ళి తెల్లచొక్కా ఇస్త్రీ చేయించాను.

మా ఆవిడ ఎలీసమ్మ కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఆమె నోరూ అదే పని చేస్తుంది. "పిలవని దానికి ఇస్త్రీ చొక్కా ఏంటి?" అంది.

"గేటు దగ్గర నిలబడి ఫ్లెక్సీ చూసొస్తా."

"నిన్ను నువ్వు చూసుకోవడానికి అంత దూరమా? అద్దం ఇంట్లోనే ఉంది."

శుక్రవారం సాయంత్రం ఫ్లెక్సీ కట్టారని తెలిసి వెళ్ళాను. గేటంత పొడుగు, గేటంత వెడల్పు. పైన 'ఆనాటి మేము' అని రంగురంగుల అక్షరాలు. వెనక వరసలో సురేంద్ర పళ్ళికిలించుకుని ఉన్నాడు. పక్కన ఇప్పుడు హెడ్మాస్టరు చేస్తున్న గోపాలకృష్ణ. ముందు వరస చూశాను. మధ్యలో చూశాను.

నేనున్న చోట గుండ్రంగా ఒక లోగో ఉంది. 'పదో తరగతి బ్యాచ్, 1988–89'. నా తల, నా ఒళ్ళు, నా పలక అన్నీ దాని కింద. లోగోకి అటొకటి ఇటొకటి రెండు చేతులు మాత్రం మిగిలాయి. పలక పట్టుకున్న చేతులు. ఎడమ బొటనవేలికి గుడ్డపీలిక కట్టి ఉంది. పత్తి తీస్తుంటే ఎండుకాయ మొన గుచ్చుకుందని ఫోటో రోజు పొద్దున మా అమ్మ చీర అంచు చింపి కట్టిన పీలిక.

నేను కోపం తెచ్చుకోలేదు. సంతోషించాను. ఎందుకంటారా? రెప్పపాటు కనబడిన చేతుల్ని బట్టి మనిషిని పట్టుకోగల న్యాయమూర్తి మా ఊళ్ళోనే ఉన్నాడు. ఈ చేతులు రెప్పపాటువి కావు, రెండడుగుల పొడుగున గేటుకి వేలాడుతున్నాయి. గుర్తు కూడా ఉంది. ఇంకేం కావాలి? తాళ్ళు సరిచేయిస్తున్న సురేంద్రని చెయ్యి పట్టుకుని ఫ్లెక్సీ ముందుకి తీసుకొచ్చాను.

"సురేంద్రా, ఆ చేతులు ఎవరివి?"

చూశాడు. దగ్గరికి వెళ్ళి చూశాడు. ఫోన్లో ఫోటో తీసి, రెండువేళ్ళతో పెద్దది చేసి మరీ చూశాడు.

"హమ్మయ్య, మంచి పని చేశావురా. నేను చూసుకోనేలేదు," అన్నాడు. "డిజైన్ చేసినోడి తప్పు. లోగో పెట్టి చేతులొదిలేశాడు. చూసినోళ్ళు ఏంటివి అని అడుగుతారు. రేపు పొద్దున్నే మూయించేస్తా."

అన్నంత పనీ చేశాడు. శనివారం పొద్దున పది గంటలకల్లా లోగో మీద ఇంకో పెద్ద స్టిక్కర్ అంటించారు. 'స్వాగతం' అని రాసి, కింద నమస్కారం పెడుతున్న రెండు చేతుల బొమ్మ. తెల్లగా, నున్నగా, బంగారు గాజులతో ఉన్నాయి. ఆ చేతులు ఏ పత్తీ తీసినవి కావు.

ఆదివారం నేను తెల్లచొక్కా వేసుకుని ఎలీసమ్మతో చర్చికి వెళ్ళాను. బడి మైకు చర్చి దాకా వినబడుతుంది. పాస్టరు గారు ప్రార్థన చేస్తుండగా మైకులో సురేంద్ర గొంతు వచ్చింది. సమ్మేళనం వేదిక మీదనుంచి మిత్రులందరికీ శుభవార్త చెబుతున్నాడు: పోరాటం ఫలించిందట, సీరియల్ తీసేవాళ్ళు దిగివచ్చారట, రాబోయే భాగాల్లో వంటవాడు డూగో మొహంతో సహా కనిపిస్తాడట. చప్పట్లు మారుమోగాయి.

"ఎవరయ్యా ఆ డూగో, మీ బ్యాచేనా?" అంది ఎలీసమ్మ.

"అవును," అన్నాను.

కనుక పాఠకులారా, ఈ వాదనలు టైం వేస్ట్ అనే మాట మీ నోట రానివ్వకండి. డూగోకి న్యాయం జరిగింది. ఇక మా ఫ్లెక్సీ అంటారా, అందులో ఇప్పుడు కంటిన్యుటీ తప్పు ఒక్కటి కూడా లేదు. కావాలంటే పెద్దది చేసి చూసుకోండి.