వానకు నిర్వచనం

మిర్చి రైతు కల్లంలో ఇకపై చుక్క వాన కూడా పడదని మంత్రిగారు వినుకొండ సభలో ప్రకటించారు. పడినా, కాయల మీద పట్టాలు కప్పే పని ఒక సంస్థకు అప్పగిస్తారట. జనం చప్పట్లు కొట్టారు.

ఎవరు, ఎప్పుడు, ఎలా కప్పాలో కాగితం మీద పెట్టే భారం జయపాల్ మీద పడింది. మంత్రిగారి శాఖ ఆఫీసులో ఇంగ్లీషు ముక్క తడబడకుండా రాయగల మొనగాడు తనేనని అతని నమ్మకం. దీన్ని స్టేట్‌మెంట్ ఆఫ్ వర్క్ అంటారని తెలిసిన రోజున ఇంటికి స్వీట్లు పట్టుకెళ్లాడు.

"ఏందిరా అది?" అంది తల్లి ప్రేమమ్మ. రెండెకరాలు కౌలుకు తీసుకుని ఆమె పండించిన మిరప అంతా కల్లంలో ఆరుతోంది.

"వానొస్తే పట్టా ఎట్టా కప్పాలో రాస్తున్నానమ్మా."

"దానికి రాసేదేముందిరా? మబ్బు పట్టంగానే పరిగెత్తి కప్పటమేగా!"

చదువు లేకపోతే మనుషులు ఇలాగే ఉంటారని జయపాల్ జాలిపడ్డాడు.

పందొమ్మిది రోజులు కూర్చుని నలభై రెండు పేజీలు రాశాడు. పని దక్కించుకున్న ఆదెయ్య మంత్రిగారి పార్టీ మనిషే. అతనికి ఒక్కటే సందేహం వచ్చింది.

"మబ్బుకే కప్పమంటే మావాళ్లు రోజూ పరిగెత్తాలి సార్. అసలు వానంటే ఏందో తేల్చండి."

జయపాల్ తేల్చాడు. పద్నాలుగో క్లాజు: వాన అనగా, వాన కురుస్తున్నదని క్లయింటు (అనగా శాఖ ఆఫీసు) లిఖితపూర్వకంగా ధ్రువీకరించినది. రాసుకుని, తన తెలివికి తనే మురిసిపోయి రెండుసార్లు చదువుకున్నాడు.

అనుబంధం మూడుకి నమూనా పట్టా కావాలి. ఇంట్లో ఉన్నది అడిగాడు.

"ఉన్నదొక్కటేరా."

"ఒక్కరోజేనమ్మా. తెచ్చిస్తాగా."

ఎర్రటి కాయలు ఫొటోలో బాగుంటాయని మంత్రిగారు వచ్చే సంతకాల సభ ప్రేమమ్మ కల్లంలోనే పెట్టారు. సంతకాలు పూర్తయ్యేసరికి పడమర నల్లబడింది. ఒక చుక్క, రెండు చుక్కలు, ఆపైన జల్లు. ఆదెయ్య మనుషులు ఎనిమిది మంది కొత్త పట్టాలు చంకన పెట్టుకుని క్రమశిక్షణగా నిలబడ్డారు.

"కప్పండయ్యా!" అని అరిచింది ప్రేమమ్మ.

"లెటర్ రావాలి పెద్దమ్మా," అన్నాడు ఆదెయ్య.

నమూనాగా పెట్టిన తన పట్టా కోసం ఆమె సంతకాల బల్ల దగ్గరికి పరిగెత్తింది. అంతలో ఎవరో "ఒప్పందం తడుస్తోంది సార్!" అన్నారు. జయపాల్ సమయస్ఫూర్తి గలవాడు. తల్లికంటే ముందే నమూనా పట్టా లాగి బల్ల మీద కప్పేశాడు. మంత్రిగారు భుజం తట్టి కారెక్కారు.

ఆ పట్టా కిందే తల దూర్చి, వాన కురుస్తున్నదని ధ్రువీకరిస్తూ లెటర్ రాశాడు. తేదీ వేశాడు, స్టాంపు కొట్టాడు. ఆదెయ్య దాన్ని అందుకుని ఆకాశం వంక చూశాడు. వాన వెలిసింది.

"ఇప్పుడు లేదు కద సార్."

లెటర్‌కు ముందు పడింది క్లాజు ప్రకారం వానే కాదు. న్యాయం అతనిదే.

కాళ్ల కింద నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. ప్రేమమ్మ దోసిలితో కాయలు ఎత్తి చూసి మళ్లీ నీళ్లలోనే వదిలేసింది. అమ్మ తిడితే బాగుండుననిపించింది జయపాల్‌కి.

ఆమె వచ్చి, పట్టా అంచు ఎత్తి, కాగితాలను వేళ్లతో తడిమింది.

"పోన్లే నాయనా, నీయి తడవలేదు," అంది.