ఒటిస్ ప్రూట్‌ను వెలివేసిన మధ్యాహ్నం

ఆ గురువారం పొద్దున ఎల్మర్ స్ట్రౌడ్ కోడిగుడ్ల పళ్ళెం ముందు కూర్చుని భార్య లొరేటాకు తన పథకం వివరిస్తున్నాడు. పెలికన్స్ బేస్‌బాల్ జట్టుకు టిక్కెట్లు అమ్మి కుర్చీలు నింపడం ఎల్మర్ ఉద్యోగం. ఆ జట్టు సముద్రతీరం వదిలి మా ఎమ్మెన్‌డేల్‌కు వలస వచ్చి అది రెండో ఏడు. ఎటు చూసినా మొక్కజొన్న తప్ప మరొకటి కనిపించని ఒహాయో పట్నంలో, టోపీల మీద సముద్రపు పక్షి బొమ్మ. పేరు మారిస్తే కొత్త చొక్కాలు కుట్టించాలి కాబట్టి యజమాని విథర్‌బీగారు మార్చలేదు. మావాళ్ళు దాన్ని బాతు అనుకుని సర్దుకుపోయారు.

"ఇవాళ ఆడవాళ్ళకి టిక్కెట్టు అక్కర్లేదు. హిల్డా ఆమ్‌స్టట్జ్‌గారు చర్చి మహిళా సమాజాన్నంతా వెంటేసుకొస్తానంది. ఆట అయ్యేలోపు విథర్‌బీగారు వస్తారు. నిండిన కుర్చీలు ఆయన కంట్లో పడితే చాలు" అన్నాడు ఎల్మర్.

"పడకపోతే?"

"జట్టుని డకోటాకి పట్టుకుపోతారట. అక్కడెవరో స్టేడియం ఊరికే ఇస్తామన్నారట."

లొరేటా గరిటె కింద పెట్టింది. "ఐదేళ్ళలో ఇది మూడో ఊరు. పోయిన రెండు ఊళ్ళలోనూ నేను వేసిన టమాటాలు ఎవరో తిన్నారు. ఈసారి సామాను కట్టమన్నావంటే నువ్వెళ్ళు, నేను రాను. సరదాకి అనట్లేదు, ఎల్మర్."

సరదాకి అనడం లేదని ఎల్మర్‌కూ తెలుసు. పళ్ళెం పక్కకు జరిపి లేచాడు.

మధ్యాహ్నం హిల్డాగారు అన్నమాట ప్రకారం వచ్చింది. వెనకాల మహిళా సమాజం, చేతుల్లో అల్లికలు, బుట్టల్లో ఆపిల్ పైలు. కానీ అంత పెద్ద స్టేడియంలో వాళ్ళు ఏ మూలకి? ఆటగాళ్ళు కూర్చునే బల్లకు సరిగ్గా పైన నాలుగు వరుసలు నిండాయి, మిగతాదంతా పావురాలకు మిగిలింది.

ఆ రోజు బంతి విసరడం ఒటిస్ ప్రూట్ వంతు. అతని వయసు గురించి జట్టులో ఎవరూ మాట్లాడేవారు కాదు గానీ మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు మాట్లాడేవి. అటువంటివాడికి ఆ రోజు ఏం పూనిందో, ఆటకున్న తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఆరు ముగిసినా అవతలి జట్టులో ఒక్కడు కూడా బంతిని తిన్నగా కొట్టలేకపోయాడు. చివరి దాకా ఇలాగే సాగితే అది బంతి విసిరే ఏ పిచర్‌కైనా జన్మకో పండగ.

ఇక్కడే ఈ ఆటకున్న ఒక పట్టింపు చెప్పాలి. అలా విసురుతున్నవాడితో ఎవరూ మాట్లాడకూడదు, పక్కన కూర్చోకూడదు. సంగతేమిటో పైకి అసలే అనకూడదు. అంటే దిష్టి తగిలి అంతా పోతుంది. అందుకే ఒక్కొక్క ఆటగాడూ బల్ల మీద నుంచి మెల్లగా జరిగి ఆ చివరికి చేరాడు. ఈ చివర ఒటిస్ ఒక్కడే మిగిలాడు.

మా ఊరికి మాత్రం ఆ మౌనానికి అర్థం వేరు. చర్చి కట్టు తప్పినవాణ్ణి మా పెద్దలు కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు, వెలివేసేవారు. మాట ఉండదు, పక్కన చోటు ఉండదు. హిల్డాగారి తాత, ఆడంబరమని చర్చి వద్దన్న బొత్తాలను కోటుకు కుట్టించుకున్న పాపానికి మూడేళ్ళు వేరే బల్ల మీద ఒంటరిగా భోంచేశాడు, ఆ బాధ ఊరు ఇంకా మరవలేదు. కాబట్టి కింద ఏం జరుగుతోందో ఆవిడ చూడగానే పసిగట్టింది, ఎల్మర్‌ను పిలిచింది.

"స్ట్రౌడ్‌గారూ, ఆ పెద్దాయనతో ఎవరూ మాట్లాడరేం?"

"అబ్బే, ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే ఒక్కొక్కడూ లేచి అటు పోతాడా?"

"అది... పైకి చెప్పకూడదమ్మా."

"చెప్పుకోలేనంత పని చేశాడా?"

"ఇంకా చెయ్యలేదమ్మా. చేస్తున్నాడు."

"ఇప్పుడా? ఇక్కడా?"

"అందరి ముందే" అనేసి ఎల్మర్ నాలుక కరుచుకున్నాడు.

హిల్డాగారు వేరుశనక్కాయలవాణ్ణి అడిగింది. వాడు శిలువ గుర్తు వేసుకుని తట్టతో సహా పారిపోయాడు. మైకులో అడ్డూ అదుపూ లేకుండా వాగే వ్యాఖ్యాత కూడా ఒటిస్ పేరు ఎత్తడం మానేశాడు. ఇక సందేహమేముంది? తాగుడని మొదటి వరుస అంది. రెండో వరుసకు చేరేసరికి అది ఊరికో పెళ్ళాం అయింది. హిల్డాగారు గేటు దగ్గరి ఫోనుకు వెళ్ళి, టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే మేనకోడలికి సంగతి చెప్పింది. ఆ పిల్ల చెవిన పడితే ఊరి చెవిన పడ్డట్టే. దాణా కొట్టు మూసేశారు. మంగలి షాపులోవాళ్ళు సగం గడ్డంతో లేచి వచ్చారు. "ఆయనేం చేస్తే మాత్రం, మన ఊళ్ళో ఒక మనిషిని అలా ఒంటరిగా కూర్చోబెడతారా!" అంటూ జనం గేట్లలోంచి పోటెత్తారు.

స్టేడియంలో ఎల్మర్ ఆఫీసు ఫోను మోగింది.

"ఎల్మర్! ఊరంతా మనింటి ముందునుంచే పోతోంది. ఒటిస్‌కి ముగ్గురు పెళ్ళాలట, నిజమేనా?" అంది లొరేటా.

"కాదు! అది... నేను చెప్పలేను."

లొరేటా కాపురం చేసింది బేస్‌బాల్‌తోనే కదా. "ఎన్నో ఇన్నింగ్స్?"

"ఎనిమిది."

"అయితే నోరు మూసుకో."

మూసుకున్నాడు. నిజం చెబితే ఒటిస్‌కు దిష్టి. చెప్పకపోతే కుర్చీలు నిండుతున్నాయి. ఈ రెండో కారణంలో ఉన్నంత బలం మొదటిదానిలో లేదని ఎల్మర్‌కు తెలుసు, కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

విథర్‌బీగారు వచ్చేసరికి స్టేడియం కిటకిటలాడుతోంది. ఆయన ముఖం వెలిగింది. కానీ పెలికన్స్ ఆటగాడు బంతి పట్టుకున్నప్పుడల్లా జనం లేచి, "సిగ్గులేదూ? ముసలాయనతో మాట్లాడితే నోటి ముత్యాలు రాలతాయా?" అని అరుస్తున్నారు.

"వీళ్ళు తిడుతున్నది ఎవర్నయ్యా?"

"మన... మనవాళ్ళనే సార్."

"ఊరంతా పని మానుకుని నా జట్టుని తిట్టడానికొచ్చిందా? డకోటావాళ్ళకి ఫోన్ కలుపు."

ఎల్మర్ కళ్ళ ముందు లొరేటా మెదిలింది. అంతలోనే కిందనుంచి కేక వినబడింది. హిల్డాగారు రెయిలింగు దాటి, బుట్టతో సహా ఆటగాళ్ళ బల్ల దగ్గరికి దిగిపోయింది! కోచ్ మెక్‌గర్క్ ముఖానికి తువ్వాలు కప్పుకున్నాడు. ఆవిడ తిన్నగా వెళ్ళి ఒటిస్ పక్కన కూర్చుంది.

"ఏం చేశావో నేనడగను నాయనా. దేవుడు క్షమిస్తాడు. ముందిది తిను."

మధ్యాహ్నం నుంచి ఒక్క పలకరింపూ లేక ఎండిపోయిన ఒటిస్, కళ్ళు తుడుచుకుని ఆపిల్ పై అంతా తిన్నాడు. తరువాత తొమ్మిదో ఇన్నింగ్స్‌కు బరువుగా లేచి వెళ్ళాడు. మొదటి బంతి విసిరాడు. అవతలివాడు దాన్ని కంచె దాటించి మొక్కజొన్న చేలో పడేశాడు.

అంతే, బంతిని కొట్టేశారు కాబట్టి ఇక దిష్టి భయం లేదు, పట్టింపు తీరిపోయింది. పెలికన్స్ అంతా పరుగున వెళ్ళి ఒటిస్‌ను చుట్టేశారు. "ఏం విసిరావురా తండ్రీ!" అని మెక్‌గర్క్ అతని టోపీ తీసి బట్టతలను ముద్దుపెట్టుకున్నాడు. మధ్యాహ్నమంతా బిగబట్టిన మాటలన్నీ ఒక్కసారి మీద పోశారు.

పైనుంచి జనం చూశారు. వెలి ఎత్తేశారు! హిల్డాగారు భోరుమంది. మా ఊరికి ఆట రాదు గానీ నాలుగు గొంతులు కలిపి పాడటం బాగా వచ్చు. స్టేడియం మొత్తం లేచి నిలబడి స్తోత్రగీతం ఎత్తుకుంది. ఎల్మర్ కూడా ఏడ్చాడు, ఎందుకో అతనికే తెలియదు. కంచె దాటించినవాడు ఆ పాట తనకే అనుకుని, పరుగు తీస్తూ టోపీ తీసి దండం పెట్టాడు. పెలికన్స్ యథాప్రకారం సున్నా పరుగులతో ఓడిపోయారు. పాట ఆగలేదు.

విథర్‌బీగారు స్కోరుబోర్డు చూసి, పాడుతున్న జనాన్ని చూశారు.

"ఎల్మర్, మనం ఓడిపోయాం కదూ?"

"ఓడిపోయాం సార్."

"మరి వీళ్ళు పాడుతున్నారేం?"

"మావాళ్ళంతే సార్" అన్నాడు ఎల్మర్. మావాళ్ళు అనడం అతనికి అదే మొదటిసారి.

"గెలిపించేవాళ్ళని పోషించడానికి ఎంతవుతోందో తెలుసా నీకు?" అని విథర్‌బీగారు ఏదో లెక్క దొరికినవాడిలా నవ్వారు. "ఓడినా పాడే ఊళ్ళో ఆ ఖర్చెందుకు? డకోటాకి ఫోన్ వద్దులే."

ఎల్మర్ ఇంటికి ఫోన్ చేశాడు. "ఇక్కడే ఉంటున్నాం!"

"గెలిచారా?" అంది లొరేటా.

"గెలిచుంటే పోయేవాళ్ళం."

మరుసటి వారమే విథర్‌బీగారు బాగా ఆడే ముగ్గురినీ వేరే జట్లకు అమ్మేశారు. నాటి నుంచి పెలికన్స్ మా ఊరినీ వదల్లేదు, ఆఖరి స్థానాన్నీ వదల్లేదు.