లోపాల మేడం సంజాయిషీ

జనం ఒంట్లో విటమిన్లు లేకపోవడం అసలు సమస్యే కాదనీ, లేవన్న సంగతి వాళ్లకి తెలియకపోవడమే సమస్యనీ ప్రభుత్వం బాగా ఆలోచించి తేల్చింది. తేల్చి ఊరుకోకుండా విటమిన్ అవగాహన శాఖ అని ఒకటి పెట్టింది. (విటమిన్లే పంచితే పోలా అని ఎవరో అన్నారట గానీ, ఆయన్ని తర్వాత మీటింగులకి పిలవలేదు.) శాఖని ఒక పెద్ద భవనంలో నేలకింది అంతస్తులోకి దింపారు. పైన గదులు లేక కాదు. ఎండ తగిలితే పోస్టర్లు వెలిసిపోతాయని.

ఆ పోస్టర్లలో అచ్చుతప్పులు పట్టే ఉద్యోగం ఒకావిడది. కొమ్ము ఎగిరిపోయినా, సున్నా జారిపోయినా ఆవిడ కంట్లో పడాల్సిందే. ‘ఎండే మందు’ అన్న నినాదం ‘ఎండు మందు’గా ఊరి మీద పడకుండా ఆపింది ఆవిడే. అందుకని ఆఫీసంతా ఆవిడని లోపాల మేడం అని పిలిచేవాళ్లు. పైకి విసుక్కున్నా ఆ పేరంటే ఆవిడకి లోపల ముచ్చటే.

కొన్నాళ్లుగా ఆవిడకి మోకాళ్లు ఒకటే పీకుడు. మెట్టెక్కాలంటే గోడ పట్టుకోవాలి. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, డి విటమిన్ అడుగంటిందని చెప్పింది. మాత్ర రాసిచ్చి, రోజూ కాసేపు ఎండలో కూర్చోమంది. ఇష్టమొచ్చినట్టు మింగితే డి ఎక్కువై కూడా కొంప మునుగుతుందని మరీమరీ చెప్పింది. ఆ చివరి ముక్క మాత్రం ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. భర్త జుట్టుకొకటి, గోళ్లకొకటి, గుండె నిబ్బరానికొకటి సీసాలు మోసుకొచ్చాడు. ఆడపడుచు తను సగం వాడి మానేసిన డబ్బాని ప్రేమగా పంపింది. మాత్రలకేం, కావలసినన్ని. దొరకనిదల్లా ఎండే. పొద్దెక్కకముందే నేల కిందికి దిగి, పొద్దుగూకాక పైకొచ్చే మనిషికి సూర్యుడితో పరిచయం పోస్టర్లలోనే. మధ్యాహ్నం బయటికి వెళ్లాలంటే చీటీ మీద కారణం రాయాలి. ఒప్పుకునే కారణాల్లో ఎండ లేదు.

పై అంతస్తులో కిటికీ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. (దాంట్లో కూర్చోవలసిన అధికారిని ఇంకా నియమించలేదు. ఆయన కోసం ఫ్యాను మాత్రం తిరుగుతూ ఉంటుంది.) ఆ కుర్చీ తనకిప్పించమని, రక్తం రిపోర్టు జతచేసి ఆవిడ అర్జీ పెట్టుకుంది. కాళ్లు పూర్తిగా చచ్చుబడితే ఉద్యోగం ఊడుతుందన్న భయం ఆవిడది.

జవాబు వచ్చింది. “మీలో ఒక లోపం ఉన్నట్టు మీరే రాతపూర్వకంగా ఒప్పుకున్నందున, సదరు లోపం ఎవరి అనుమతితో ఏర్పడినదో సంజాయిషీ ఇచ్చుకోవలసినది.”

ఆవిడ గోడ పట్టుకుని డైరెక్టరు గదిదాకా వెళ్లింది. ఆయన మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు.

“సార్, అది విటమిన్ లోపమండీ. పనిలో లోపం కాదు.”

“లోపాల్లో తేడా చూపించడం శాఖకి తగదమ్మా. అయినా మన పోస్టరు మీద ఏముంది? ‘లోపం మీది, బాధ్యత మీదే.’ సరిచూసి సంతకం పెట్టింది మీరేగా?”

ఆవిడే. అందులో అక్షరం పొల్లుపోలేదని ఆరోజు ఎంత సంబరపడిందో గుర్తొచ్చి ఒళ్లు మండింది.

“లోపం నాది కాదు సార్. ఈ గదులది.”

“గదికి రక్తపరీక్ష చేయించారా?” అని ఆయన అడిగాడు. వెటకారం కాదు. రిపోర్టు ఉంటే జతచేద్దామని పెన్ను కూడా తీశాడు.

విషయం కమిటీకి వెళ్లింది. ఉద్యోగిని ఎండలోకి పంపితే కింద ఎండ లేదని శాఖే ఒప్పుకున్నట్టవుతుందనీ, కనుక ఎండనే ఉద్యోగి దగ్గరికి పంపడం సబబనీ కమిటీ తీర్మానించింది. ఆ వారంలోనే ఆవిడ కుర్చీకెదురుగా గోడ నిండా సూర్యుడి పోస్టరు అంటించారు. డైరెక్టరు స్వయంగా దిగివచ్చి, ఆవిడ పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. రోజూ కాసేపు దానికేసి తిరిగి కూర్చోమని, కూర్చున్నట్టు సంతకం పెట్టమని చెప్పి వెళ్లాడు. మోకాళ్లు ఎలా ఉన్నాయని మాత్రం ఎవరూ అడగలేదు. అది ఆవిడకి నొప్పి కన్నా ఎక్కువ బాధనిపించింది.

పోస్టరు ఖరీదైనది. రంగు వెలిసిపోకుండా ఆ మూలనున్న ట్యూబులైటు తీయించేశారు.

ఆ మసక వెలుతురులో లోపాల మేడం కన్నుగప్పి మొదటిసారి ఒక అచ్చుతప్పు ఊళ్లోకి వెళ్లిపోయింది. ఈసారి ఎ విటమిన్ గురించి సంజాయిషీ అడిగారు.