బ్రహ్మచారి చూసిన సముద్రం

సీతాఫల్‌మండిలో తలుపులూ కిటికీలూ చేసే బ్రహ్మచారికి పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఆయన పేరు మాత్రం ఆ సంగతి ఇంకా ఒప్పుకోలేదు.

పెళ్లిచూపులనాడు ఏం మాట్లాడాలో తోచక, "నేను విశాఖపట్నం పోయిన. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ ఎక్కి సముద్రం చూసిన. అవుతలి ఒడ్డు మీద దీపాలు సుత కనవడ్డయ్" అన్నాడు.

నిజానికి ఆయన చూసిన పెద్ద నీళ్లు ఊళ్లోని చెరువులే. కానీ పెళ్లికూతురు సుమిత్ర కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. అంత శ్రద్ధగా ఆయన మాట అప్పటిదాకా ఎవరూ వినలేదు. ఇక ఆ కథను ఎలా వదులుతాడు? ఏటా ఇరవై మెట్లు కలుపుకుంటూ పోయాడు. ఇప్పుడా లైట్‌హౌస్ చార్మినార్‌ను దాటింది.

ఒక ఆదివారం ఉప్మా వడ్డిస్తూ సుమిత్ర చల్లగా చెప్పింది. "బుధవారం విశాఖ రైలుకు టికెట్లు తీసిన. నువ్వు చూసిన సముద్రం నాకు సుత చూపెట్టు."

బ్రహ్మచారి ఉప్మా పళ్లెం పక్కకు జరిపి మోకాలు పట్టుకున్నాడు.

"మోకాలు నొస్తుందే."

"నిన్ననే అటకెక్కి దిగినవ్."

"సముద్రం గాలి నీకు పడది."

"నీకు పడ్డది గదా. రెండు కొబ్బరికాయలు తే. మొదటిసారి సముద్రం చూసినోళ్లు కాయ కొట్టాల్నంట, మా అమ్మ చెప్పింది."

"చూసేది నువ్వొక్కదానివే. రెండెందుకు?"

"ఒకటి కుళ్లితే?"

బ్రహ్మచారి రెండు రోజులు పని మానేసి ఫోన్‌లో ఆ కొండ వీడియోలు చూశాడు. మలుపులన్నీ పెన్సిల్‌తో ఒక చెక్క మీద రాసుకుని బట్టీపట్టాడు. ఆ చెక్క తర్వాత ఎవరింటి తలుపయిందో తెలియదు.

విశాఖలో దిగగానే ఆటో డ్రైవర్ దేవానందానికి హుకుం జారీచేశాడు. "దారి నాకు ఎరికే. చెప్పినట్టు పోనీ."

చెప్పినట్టే పోయి ఆటో ఎండుచేపలు ఆరబోసిన చోట ఆగింది. ముందు దారి లేదు. వాసనకు మాత్రం అడ్డు లేదు.

"కొండ అటేపు ఉంది బాబూ," అన్నాడు దేవానందం ఓపిగ్గా.

సుమిత్ర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఇరవై రెండేండ్లల్ల జెర జరిగిందేమో."

సాయంత్రానికి లైట్‌హౌస్ చేరారు. బ్రహ్మచారి చెప్పుకున్నవి ఐదువందల మెట్లు. అందులో సగం లెక్కపెట్టకముందే పైన తేలాడు.

"మెట్లు సుత అరిగినట్టున్నయ్," అంది సుమిత్ర వెనక నుంచి.

ఆయన వినలేదు. ఎదురుగా సముద్రం ఉంది. బట్టీపట్టిన మాట ఒక్కటీ నోటికి రాలేదు. కమ్మీ పట్టుకుని అటూ ఇటూ వెతికాడు. నీలం వెళ్లి వెళ్లి ఆకాశంలో కలిసిపోయింది తప్ప ఎక్కడా ఆగలేదు.

"అవుతలి ఒడ్డేదే?" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

సుమిత్ర సంచిలోంచి ఒక కొబ్బరికాయ తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇగో, ఇది నీది. కిందికి దిగినంక ఇద్దరం కొడదాం."

ఆయన కాయను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎప్పటిసంది ఎరిక?"

"పెళ్లిచూపుల సంది. సముద్రానికి అవుతలి ఒడ్డు కనవడదని ఏడో తరగతిల సదువుకున్న."

"మరి ఇన్నేండ్లు ఎందుకు విన్నవ్?"

"చెప్తుంటే నీ మొఖం మంచిగ కనవడ్తుండె," అంది సుమిత్ర, సముద్రం వైపే చూస్తూ.

ఇల్లు చేరిన మర్నాడు పక్కింటి భవాని గోడ మీదుగా అడిగింది. "వదినా, అన్న ఎప్పుడూ చెప్పే దీపాలు కనవడ్డయా?"

బ్రహ్మచారి చేతిలో చిత్రిక ఆగిపోయింది.

"మబ్బు పట్టి ఉండె భవానీ," అంది సుమిత్ర. "మల్లోపాలి పోయినప్పుడు చూస్తం."

బ్రహ్మచారి తల వంచుకుని, అప్పటికే నున్నగా ఉన్న చెక్కను మళ్లీ చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు.