దువ్వెన అక్కర్లేని తల

మగవాడి పరువు ఇన్నాళ్లకి ఒక సూదికి చిక్కి నిలబడింది. బట్టతల మీద సూదితో నల్లచుక్కలు పొడిచి, జుట్టు ఉన్నట్టు చూపించే హెయిర్ టాటూ ఉంది చూశారూ, అంతకు మించిన మేలు మగజాతికి ఈమధ్య ఇంకెవరూ చెయ్యలేదని నా దృఢమైన అభిప్రాయం. నవ్వేవాళ్లు నవ్వండి. ఒకసారి మీ నెత్తి తడుముకుని మరీ నవ్వండి.

తెలియనివాళ్లకి చెబుతాను. ముందు తలంతా గొరిగేస్తారు. నుదుటి మీద పెన్సిలుతో గీత గీస్తారు. ఆ గీతకి వెనకంతా చుక్క పక్కన చుక్క, వేలకు వేలు పొడుస్తారు. అయిపోయాక చూస్తే, మొన్న గుండు చేయించుకున్నవాడికి ఇవాళ జుట్టు మొలుస్తున్నట్టు ఉంటుంది. రేపు చూసినా మొలుస్తూనే ఉంటుంది. వచ్చే ఏడాది చూసినా అంతే. మన ఊళ్లకి శాంక్షనైన రోడ్లు మాత్రం ఇంతకంటే ఎదిగాయా? కాగితం మీద గీతని రోడ్డని నమ్మి ఓట్లేసినవాళ్లం, తల మీద చుక్కని జుట్టని నమ్మలేమా?

సుఖాలు ఎన్నని చెప్పను! నూనె ఖర్చు లేదు. పేలు పట్టవు, చుండ్రు రాదు, తెల్లబడుతుందన్న దిగులు లేదు. హెల్మెట్ తీసినా చెదరదు. తుఫాను వచ్చి చీరాల దగ్గర తీరం దాటినా ఒక్క చుక్క కూడా కదలదు. రేపు ఏ దేవుడికో తలనీలాల మొక్కు ఉందనుకోండి, ఎంత గీకినా తరగని తల. ఆ దేవుడు మాత్రం ఇంత భక్తిని ఇంకెక్కడ చూసి ఉంటాడు?

ఉదాహరణకి త్రినాథ్‌ని తీసుకోండి. ప్రత్తిపాడులో పురుగుమందుల షాపు, ఊరి పక్కనే సొంత మిర్చి తోట. పూత రాలకుండా మందు చెప్పడంలో అంతటివాడు లేడని రైతులే అంటారు. తన నెత్తి మీద పూత మాత్రం ముప్పై నిండకుండానే రాలిపోయింది. తల్లి సుబ్బరావమ్మ గారు ఊరుకుంటారా? స్వయంగా గుంటూరు తీసుకెళ్లి, క్లినిక్‌లో పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఇంకాస్త కిందికి గియ్యండి బాబూ, వాళ్ల నాన్నకి కనుబొమల దాకా ఉండేది" అని దగ్గరుండి గీయించారు. అందుకే ఆ అబ్బాయికి నుదురు రెండు వేళ్లే మిగిలింది.

ఎండలో తిరగొద్దు, కొన్నాళ్లు చెమట పట్టనివ్వొద్దు అని చెప్పి పంపారట. మార్చి నెలలో, గుంటూరులో. ఆ సలహా ఇచ్చినవాడు ఏ ఊటీ నుంచో వచ్చి ఉండాలి. సరిగ్గా అప్పుడే త్రినాథ్ సరుకు మిర్చి యార్డుకి వచ్చింది. సూదిపోట్లు ఆరని తలతో బస్తాల మధ్యకి వెళ్లాడు. మన యార్డు సంగతి మీకు కొత్తా? బయట రోడ్డు మీద పోయేవాడికే తుమ్ములు ఆగవు. ఆ ఘాటంతా నేరుగా వెళ్లి తల మీది చుక్కల్లో దిగింది. ఆ కేకకి బేరాలు ఆగిపోయాయని యార్డులో ఇప్పటికీ చెప్పుకుంటారు. వడదెబ్బ అనుకుని హమాలీలు పట్టుకుని బిందెడు మజ్జిగ నెత్తిన దిమ్మరించారట. "ఏరా, ఏమైందిరా?" అని స్నేహితుడు అడిగితే, "ఎండరా, ఎండ" అన్నాడే గానీ నిజం చెప్పలేదు. అందం కోసం ఇంత తపస్సు మునులైనా చేశారా?

తపస్సు అక్కడితో అయిపోలేదు. చుట్టూ మిగిలిన అసలు జుట్టు కాస్త పెరిగిందంటే మధ్యలో చుక్కలు దొరికిపోతాయి. అందుకని వాడు ఎప్పుడు చూసినా సెలూన్‌లోనే ఉంటాడు. ఆ సెలూన్ నాగూర్ వలిది. "లేని జుట్టు కోసం ఉన్న జుట్టుని బతకనివ్వట్లేదండీ" అని నాతో వాపోయాడు. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్న సంగతులు. ముందే తెలిస్తే ఈ వ్యాసం రాసే భాగ్యం దక్కేది కాదు.

ఇంత కష్టపడ్డవాడికి పెళ్లి కావాలా వద్దా? కావాలి. అందుకే మొన్న మే నెలలో తల్లీ కొడుకులు పర్చూరు వచ్చారు, మా శ్రీరమ్యని చూసుకోవడానికి.

శ్రీరమ్య మా అక్క కూతురు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. నిరుడు వానాకాలం డెంగీ వచ్చింది. ప్రాణం దక్కింది గానీ జుట్టు సగానికి సగం పోయింది. ఫొటోలో అబ్బాయి దానికి నచ్చాడు. నచ్చాడు కాబట్టే జడ పొడుగు చెయ్యడానికి సవరం పెట్టుకోనని మొండికేసింది. "ఉన్నది ఉన్నట్టు చూడనీయమ్మా, తర్వాత తెలిస్తే నాకే సిగ్గు" అంది. మా అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. "జబ్బు మాట ఎత్తితే ఒక్కడూ గడప తొక్కడే. ఈ ఒక్కసారికి నా మాట వినవే" అంది. తల్లి ఏడుస్తుంటే ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? సవరం కలిపి జడ వేసి, మల్లెపూలు చుట్టి కూర్చోబెట్టారు.

కాఫీలు అయ్యాయి. సుబ్బరావమ్మ గారు ముద్దుగా, "ఇలా రా అమ్మా, పూలు జారుతున్నాయి, సర్దుతాను" అన్నారు. మన వైపు ఆడవాళ్లందరికీ ఆ మాటకి అర్థం తెలుసు. సర్దడం కాదది, లాగి చూడటం. మా అక్క ముఖం పాలిపోయింది. ఆవిడ సర్దారు. పూలతో సహా సవరం ఊడి చేతికి వచ్చింది.

"ఏంటమ్మా ఇది?" అన్నారు ఆవిడ, దాన్ని చచ్చిన పాముని పట్టుకున్నట్టు పట్టుకుని. "లేని జుట్టు ఉన్నట్టు చూపించి మా వాడికి కట్టబెడదామనా? ఇంత మోసమా?"

అదే సమయానికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. త్రినాథ్ కిటికీ పక్కన కూర్చున్నాడు. నెత్తి మీంచి చెమట బయల్దేరింది. జుట్టున్న తలలో చెమట ఆగి ఆగి దిగుతుంది. ఇది మాత్రం గచ్చు మీద పోసిన నీళ్లలా జారి, ఆ గీసిన గీత దాటి, సూటిగా కళ్లలోకి వచ్చింది. తలవంచుకుని ఉన్న శ్రీరమ్య తలెత్తి అటే చూసింది. చాలాసేపు చూసింది.

తర్వాత లేచి లోపలికి వెళ్లింది. ఏడవడానికనుకున్నాం. దువ్వెన పట్టుకుని బయటికి వచ్చింది.

"ఆంటీ, నాది మీరు లాగి చూశారు. తప్పు నాదే, పెట్టుకోకుండా ఉండాల్సింది" అంది. "మీ అబ్బాయిది లాగి చూడటం మర్యాద కాదు. ఒక్కసారి దువ్వుకోమనండి."

త్రినాథ్ దువ్వెన అందుకున్నాడు. అమ్మ వైపు చూశాడు. చెయ్యి సగం దాకా లేచింది. ఏ కాలేజీ రోజుల అలవాటో, ఆ దువ్వెనని తీసుకెళ్లి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"మగాడి జుట్టుతో నీకేం పనమ్మా?" అన్నారు సుబ్బరావమ్మ గారు. "మా వాడిది మోసం కాదు. ట్రీట్‌మెంటు. లేవరా." లేచి వెళ్లిపోయారు.

చూశారా, ఎంత గొప్ప విద్యో! జడలో కలిపిన పాయ మోసమైంది, తల మీద పొడిచిన చుక్క ట్రీట్‌మెంటైంది. ఒకే అబద్ధానికి ఆడపిల్ల దగ్గర ఒక పేరు, మగపిల్లాడి దగ్గర ఇంకో పేరు. ఇప్పుడు ప్రత్తిపాడు నుంచి పర్చూరు దాకా ఒకటే మాట: ఆ పిల్లకి జుట్టు లేదట, సవరం పెట్టి మోసం చెయ్యబోయారట. మాటల్లో ఉన్న ఇంకో సంబంధం వాళ్లు ఫోను ఎత్తడం మానేశారు. త్రినాథ్‌కి మాత్రం ఆషాఢం వెళ్లగానే పెళ్లి. ఆ పెళ్లికూతురి జడ కూడా ఆవిడ సర్దే ఉంటారు. నాకు కడుపు మండిపోతోంది. అందుకే పేర్లు మార్చలేదు. మా పిల్ల పేరు ఊరంతా పంచేటప్పుడు వాళ్లు మార్చారా? అయినా శ్రీరమ్యని అడిగాను. "రాయి మావయ్యా, ఒక్క అక్షరం కూడా తగ్గించకు" అంది.

పెళ్లిచూపుల మర్నాడే అది చీరాల వెళ్లి జుట్టు మెడ దాకా కత్తిరించుకుని వచ్చింది. అలాగే కాలేజీకి వెళుతోంది. ఆ సవరంతో పెరట్లో బీరపాదుని పందిరికి కట్టింది. మా అక్క మొదట ఏడ్చింది గానీ, ఇప్పుడు రోజూ తనే కూర్చోబెట్టి ఆ కాస్త జుట్టుకీ నూనె రాస్తోంది. రాశాక దువ్వెన కోసం వెతుక్కుంటోంది.

నాయనా త్రినాథ్, పేపరు చూసే అలవాటుంటే ఈ ముక్క చదువు. మా దువ్వెన మాకు పంపించు. దాంతో పని ఉన్నవాళ్లు మా ఇంట్లో ఉన్నారు.