గండికి మట్టి వైద్యం

ఇకమీదట ప్రజల కష్టాలను కాగితాల మీద చదవబోమనీ, చేత్తో తాకి మరీ తీరుస్తామనీ మంత్రిగారు అమలాపురంలో ప్రకటించారు. విదేశీ అధ్యయన యాత్రలో ఆయన స్వయంగా ఒక ముద్ద మట్టి పిసికారట. పది నిమిషాల్లో ప్రతిపక్షం మీద కోపం సైతం పోయిందట. అంతటి అనుభవాన్ని తనొక్కడి దగ్గరే అట్టేపెట్టుకోవడం ఇష్టంలేక, అర్జీలు తీసుకునే హాల్లోనే 'మృత్తికా స్పర్శ ఉపశమన కేంద్రం' తెరిపించారు.

మొదటి సోమవారమే మార్తమ్మ అక్కడికి వచ్చింది. ఐ.పోలవరం అవతల ఎకరం చేను కౌలుకి చేస్తోంది. ఉప్పునీటిని ఆపే ఏటిగట్టుకి గండి పడింది. అమావాస్య పోటు వచ్చేలోగా పూడ్చకపోతే, కొత్తగా వరి నాట్లు ఊడ్చిన చేనంతా ఉప్పుపాలవుతుంది. ఆ మాట కాగితం మీద రాయించుకుని వచ్చింది.

కేంద్రం డైరెక్టరు మాణిక్యాలరావుగారు కాగితం ముట్టుకోలేదు. నిబంధన అది. నిన్నటిదాకా ఆయన పశుసంవర్ధక శాఖలో పనిచేశారు. స్పర్శ విలువ తెలిసిన మనిషి. ఆమెను కూర్చోబెట్టి, ఏప్రన్ కట్టించి, ముందు మెత్తటి మట్టిముద్ద పెట్టించారు.

"మీ బాధ ఏ ఆకారంలో ఉందో చెయ్యండమ్మా," అన్నారు.

"ఆయ్, గండి ఆకారంలో ఉందండి."

"అదే చెయ్యండి."

మార్తమ్మ గట్టు చేసి, మధ్యలో గండి పెట్టింది. నిజం చెప్పుకోవాలంటే చేతులకి హాయిగానే ఉంది. ఎన్నాళ్ళనుంచో బిగుసుకున్న భుజాలు వదులయ్యాయి. తనకే సిగ్గనిపించింది. పక్క బల్ల దగ్గర ఒకాయన తనకి రాని రేషన్ కార్డు చేసుకుని, దాని మీద తన మొహం గీసుకుంటున్నాడు. పోలిక బాగా కుదిరింది.

ఇప్పుడు ఎలా ఉంటే బాగుంటుందో అలా మార్చమన్నారు డైరెక్టరుగారు. ఆమె బొటనవేలితో గండి నొక్కి మూసింది.

హాలంతా చప్పట్లు. ఇంజనీర్లంతా కలిసి చెయ్యలేనిది ఒక మహిళ ఒంటి వేలితో చేసిందని, వీడియో కాల్‌లో చూస్తున్న మంత్రిగారు గద్గద స్వరంతో మెచ్చుకున్నారు. ఆ వెంటనే మార్తమ్మ ఫోన్‌కి మెసేజి వచ్చింది. ఆమె సమస్య పరిష్కారమైందట.

"మరి ఊళ్ళో గండో అండి?" అంది.

"అదీ ఉంటుందమ్మా. ఇక మిమ్మల్ని బాధపెట్టదు," అన్నారాయన ఎంతో దయగా. తరవాత ఆమె చేసిన గట్టుని పిసికి ముద్దచేసి, వరసలో వెనకున్న మనిషికి ఇచ్చారు.

ఊళ్ళో ఆటో దిగేసరికి ఏటిగట్టు మీద ప్రొక్లెయినర్, పక్కన లారీ. మార్తమ్మ కళ్ళు చెమర్చాయి. ప్రభువుకి స్తోత్రం చెప్పుకుని, మంత్రిగారిని అనుమానించినందుకు లెంపలేసుకుని, గబగబా నడిచింది. దగ్గరికెళ్ళి చూస్తే, యంత్రం గండి అంచునే తవ్వి, ఆ మట్టిని లారీలోకి ఎత్తుతోంది.

"పూడ్చడానికి తవ్వడమేంటి బాబూ?"

"పూడ్చడానిక్కాదండి, అమలాపురం సెంటరుకండి. ఈ గట్టు మట్టి చేతికి బాగా మెత్తగా తగుల్తందంటండి," అన్నాడు డ్రైవరు మర్యాదగా. "అమావాస్య దాటేక జనం బాగా వత్తారంట. ఇంకో రెండు లోడ్లు పంపమన్నారండి."

"ఏ ఊరి జనం?"

"ఈ ఊరోళ్ళేనంటండి."