పదింటికి పుట్టినవాళ్లు

మనుషులు ప్రేమించుకోవడం ప్రకృతి ధర్మమే కావచ్చుగానీ, ఆ ప్రేమ చెల్లుతుందా లేదా అని తేల్చే అధికారం మాత్రం రెండో అంతస్తులో, పనిచేయని లిఫ్టు పక్కనున్న జాతక పొంతనల కార్యాలయానిదే. గ్రహాలు రాత్రింబవళ్లు తిరుగుతాయి. కార్యాలయం పది నుంచి ఐదు వరకే పనిచేస్తుంది. (మధ్యలో భోజన విరామం. ఆ సమయంలో గ్రహాల ప్రభావం ఎవరి మీదా ఉండదని సర్క్యులర్ ఉంది.)

దర్జీ పిల్లకు ఆ మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్లు అరిగాయి. ఆమె పెళ్లాడదామనుకున్న కుర్రాడు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగిస్తాడు. ఇద్దరూ ఒకే ఊళ్లో, ఒకే ఏడాది, ఒకే రోజున పుట్టారు. ఒకసారి బేకరీలో ఎవరి పుట్టినరోజు కేకు వాళ్లు తీసుకోబోయి, ఒకరి కేకు ఇంకొకరు పట్టుకుపోయారు. మార్చుకోవడానికి కలిసినవాళ్లు మరి విడిపోలేదు.

చిక్కల్లా పుట్టిన వేళ దగ్గర వచ్చింది. దర్జీ పిల్ల తల్లికి నిమిషంతో సహా గుర్తు: తెల్లవారుజామున నాలుగూ పదిహేడు. కుర్రాడి తల్లి ఆ సంగతి ఎవరికీ చెప్పకుండానే, వాడి పసితనంలోనే కన్నుమూసింది. వేళ తెలియనివారందరూ కార్యాలయం తెరిచే సమయానికి, అంటే సరిగ్గా పదింటికి, పుట్టినట్టు భావించాలని నిబంధన. ఆ లెక్కన అతని లగ్నానికీ ఆమె లగ్నానికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేంత వైరం తేలింది.

గుమస్తా మంచివాడే. గొంతు తగ్గించి ఒక దారి చెప్పాడు. ఆమె పుట్టిన వేళ కూడా ఎవరికీ గుర్తులేదనుకుంటే, ఆమెదీ పదింటి పుట్టుకే అవుతుంది, అప్పుడు రెండు జాతకాలకూ తగవే ఉండదు. కాకపోతే మరిచిపోయానని కన్నతల్లి స్వయంగా వచ్చి ప్రమాణం చేయాలి.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే అమ్మ మండిపడింది. ఆ పురుడు ఆవిడ గెలిచిన ఏకైక యుద్ధం. ఆ కథ ఆవిడ నోట వినని చుట్టం లేడు.

"రెండు రోజులు నొప్పులు పడి నిన్ను కన్నానే. మరిచిపోయానని ఏ నోటితో చెప్పమంటావు?"

దర్జీ పిల్ల వెళ్లి కుట్టు మిషను ముందు కూర్చుని, దారం ఎక్కించకుండానే తొక్కుతూ పోయింది. ఆ ఖాళీ చప్పుడు అమ్మకు రాత్రంతా వినబడింది. మర్నాడు ఆవిడే ముందుగా చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

కార్యాలయంలో పిల్లలిద్దరినీ పక్కన పెట్టుకుని, కూతుర్ని ఏ వేళప్పుడు కన్నదీ తనకు బొత్తిగా జ్ఞాపకం లేదని చెయ్యెత్తి ప్రమాణం చేసింది. గొంతు వణికింది. (వణుకుకు విడిగా రుసుము లేదు.)

జాతకాలు పోల్చారు. గీతకు గీత, గ్రహానికి గ్రహం అతికినట్టు సరిపోయాయి. గుమస్తా మొహం వెలిగి, అంతలోనే పాలిపోయింది. లోపలికెళ్లి సహాయ గ్రహాధికారిని వెంటబెట్టుకొచ్చాడు. ఒకే ఊళ్లో, ఒకే రోజున, ఒకే నిమిషానికి పుట్టినవారిని కవలలుగా పరిగణిస్తారనీ, కవలలకు పెళ్లి అనుమతి ఇచ్చే వీలు లేదనీ ఆయన ఎంతో మర్యాదగా తెలియజేశాడు.

"ఈ అబ్బాయిని నేను కనలేదండీ," అంది అమ్మ.

అధికారి ఆవిడ వైపు జాలిగా చూశాడు.

"మీకెలా గుర్తుంటుందమ్మా? మరిచిపోయానని ఇప్పుడేగా ప్రమాణం చేశారు."